చెరుకు రసం మాన్పిన పుండు

పెళ్లయిన ఆడమనిషి రక్తంలో సుఖవ్యాధి బయటపడితే, మీరు మొదట ఎవరిని అనుమానిస్తారు?

మీరు ఆలోచించుకొనే చెప్పండి. నిజామాబాద్‌లోని ఒక బీడీల వాడ మాత్రం ఆలోచనకు వ్యవధి తీసుకోలేదు. విచారణ లేదు, సాక్ష్యం లేదు, తీర్పు మాత్రం వచ్చేసింది. ఆ తీర్పును అదే వాడలో నిలబడి ప్రశ్నించిన శ్యామలమ్మ గురించి చెప్పడమే ఇక్కడ నా పని.

శ్యామల బోధన్ పిల్ల. అన్న రాజారాం అక్కడి చక్కెర ఫ్యాక్టరీలో ఫిట్టరు. చెరుకు ఆడే కాలంలో ఆ ఊరి గాలి కూడా పాకం వాసన వేస్తుంది. అటువంటి గాలి పీల్చి పెరిగిన పిల్లకు నాలుక అంత కారంగా ఎలా తయారైందో ఇంట్లో ఎవరికీ అంతు చిక్కలేదు. బడి ఏడో తరగతిలో ఆగింది గాని, ఎదురు ప్రశ్నలు ఆగలేదు. పెళ్లిచూపుల్లో “వంట వస్తదా బిడ్డా?” అని అడిగిన పెద్దమనిషిని “ఏం, ఆకలైతుందా?” అని అడిగింది. సంబంధం తప్పిపోయిందనే ఇంటివాళ్లు అనుకున్నారు. పెళ్లికొడుకు రాజనర్సు పగలబడి నవ్వడం వల్ల నిలిచింది.

రాజనర్సు నవ్వు అటువంటిదే. మనిషి చెడ్డవాడు కాడు; బరువైన మాట వినపడినప్పుడల్లా నవ్వి తప్పించుకొనే అలవాటున్న మనిషి. భీవండిలో సాంచెలు, అంటే మరమగ్గాలు, నడిపేవాడు. ఆ వాడలోని నేత కుటుంబాల్లో అది మామూలు ఏర్పాటు. మగవాళ్లు మగ్గాల వెంట మహారాష్ట్రకు పోతారు. ఆడవాళ్లు ఇంటి దగ్గర బీడీలు చేస్తారు. మగవాళ్లు ఎండాకాలం ఒకసారి వచ్చి పోతారు; దసరాకు మళ్లీ వచ్చి, దీపావళి వెళ్లేదాకా ఉండి రైలెక్కుతారు. తక్కిన కాలమంతా వాడను ఏలేది ఆడవాళ్లే.

పెళ్లయిన ఏడు, అంటే 1988లో, తొలి దీపావళికి రాజనర్సు కొత్తల్లుడి హోదాలో బోధన్ వెళ్లాడు. పట్టుపంచె, మెడలో దండ, వెనుక స్వీటు డబ్బాలు; అన్నీ బాగానే ఉన్నాయి. కాని అల్లుడిగారికి చెప్పుకోరాని చోట ఒక పుండు లేచి ఉంది. నొప్పి లేదు, దురద లేదు. భార్యకు కనిపించనే కనిపించింది. బావమరిదికి అతడే చెప్పుకున్నాడు.

రాజారాం నిముషంలో తేల్చేశాడు. “వేడి బావా. పొద్దంత సాంచెల నడుమ నిలవడి వేడి చేసింది. నాకు బాయిలర్ కాడ ఎన్నిసార్లు కళ్లు మండలేదు? చెరుకు రసం తాగు. గడలు ఫ్యాక్టరీకి రాకముందే ఎడపల్లి నుంచి తెప్పిస్త.”

తెప్పించాడు. పరగడుపున పెద్ద గ్లాసు, సాయంత్రం ఒకటి. ఆ రసం వడగట్టి, అల్లం పిండి అందించింది శ్యామలే. భీవండికి పోయేలోపు పుండు మచ్చ లేకుండా మాయమైంది. ఇరుగుపొరుగులో ఎవరికి “వేడి చేసినా” ఆ ఇంట్లో ఒకటే మందు చెప్పడం మొదలైంది. బోధన్ చెరుకు రసం కీర్తి నిజామాబాద్ దాకా పాకింది. పుండు ఎక్కడిదో మాత్రం ఎవరూ చెప్పలేదు.

ఆ తర్వాత రెండేళ్లలో శ్యామల రెండుసార్లు నీళ్లోసుకుంది. మొదటిది అయిదో నెలలో పోయింది. రెండోది ఎనిమిదో నెలలో పుట్టింది, ఏడవలేదు. ఈ రెండు సంగతులను నేను ఇంతకంటే పొడిగించను. శ్యామల కూడా పొడిగించదు.

వాడ మాత్రం పొడిగించింది. ఆడవాళ్లందరూ ఒకే వాకిట్లో వరుసగా కూర్చుని, ఒళ్లో చాటలు పెట్టుకొని బీడీలు చేసేచోట ప్రతి విషయానికీ చర్చ జరుగుతుంది. తునికాకు కత్తిరించే చేయి కత్తిరిస్తూనే ఉంటుంది, తంబాకు నింపే చేయి నింపుతూనే ఉంటుంది, నోటికి అడ్డం ఏమీ ఉండదు. శ్యామల అత్త అంజవ్వ ఆ వాకిటికి పెద్ద. ఆమె అభిప్రాయం స్థిరమైనది.

“తంబాకు వేడే. పొద్దుగాల్నుంచి చాట ఒళ్లె పెట్టుకొని కూసుంటది. గా వేడి కడుపుకు తాకక ఎటు పోతది?”

“నువ్వు గిదే చాట ఒళ్లె పెట్టుకొని నలుగుర్ని కన్నవు గదా అత్తా?” అంది శ్యామల.

“మా కాలపు తంబాకు వేరే.”

“అవునక్కా, అప్పుడు తంబాకుల ఐసుగడ్డ కలిపేటోళ్లు,” అంది పక్కింటి రాధాబాయి. ధర్మాబాద్ వైపునుంచి వచ్చిన కోడలు. ఎవరి పక్షమూ పట్టకుండా ఇద్దరినీ ఎగదోయడంలో ఆమెది అందెవేసిన చేయి.

ఇంకొకరు నల్లా నీళ్ల దోషమన్నారు. ఇంకొకరు పాయఖానా బండమీద ఎవరో కూర్చున్న తర్వాత కూర్చుని ఉంటుందన్నారు. మూడు దోవలు కలిసే చోట ఏదో దాటిందని మరొకరు. శ్యామలకు తంబాకు ముట్టుకోవడం బందైంది; ఆకు కత్తిరించే పని మాత్రం మిగిలింది. సబ్జా గింజల నీళ్లు, బార్లీ గంజి పట్టించారు. బోధన్ నుంచి చెరుకు గడలూ దిగాయి. కొడుకు పుండును మాన్పిన రసం కోడలి కడుపును నిలబెట్టదా అన్నది అంజవ్వ తర్కం. రెండూ ఒకే జబ్బు అన్నంతవరకు ఆమె తర్కం నూటికి నూరుపాళ్లు సరైనదని తర్వాత తేలింది. మందు దగ్గరే గురి తప్పింది.

1991 ఎండాకాలం భర్త వచ్చి పోయాక శ్యామలకు మూడోసారి నెల తప్పింది. అప్పటికే అంజవ్వ కొడుకు రెండో పెళ్లికి వేల్పూర్‌లో ఒక పిల్లను చూసి పెట్టింది. దాపరికమేమీ లేదు. “గీసారి గూడ నిలవకపోతే నన్ననొద్దు బిడ్డా, వంశం నిలవాలె,” అని కోడలి ముఖంమీదే, ప్రేమగానే చెప్పింది. శ్యామల ఎదురు ప్రశ్న వేయలేదు. ఆ ఇంట్లో ఆమెకు చోటు ఉండాలంటే ఈ బిడ్డ బతకాలి. ఆమెకైతే ఏ ఇల్లు ఉన్నా లేకపోయినా ఈ బిడ్డ బతకాలి.

అందుకే ఈసారి రసం మీద నమ్మకం పెట్టుకోక, శ్రావణ మాసంలో రాధాబాయిని తోడు తీసుకొని సర్కారు దవాఖానకు వెళ్లింది. అక్కడి నర్సు తిరుపతమ్మ రక్తం తీసింది. మరుసటి వారం శ్యామలను ఒక్కదాన్నే లోపలికి పిలిచి తలుపు దగ్గరగా వేసింది.

“నీ పెనిమిటి ఏం పని చేస్తడు?”

“భీవండిల సాంచెలు నడుపుతడు సిస్టరమ్మా.”

“ఆయనకు ఎన్నడన్న కింద పుండయిందా? నొప్పి లేని పుండు?”

“అయింది. చెరుకు రసంతోని మానింది.”

తిరుపతమ్మ చేతిలోని దూది కింద పెట్టింది. “దేంతోని?”

“చెరుకు రసం. బోధన్ చెరుకు,” అంది శ్యామల, కొంచెం గర్వంగానే.

“రసం తాగకున్నా మానుతుండె. గంజి తాగినా మానుతుండె. ఏం తాగకుండ పండుకున్నా మానుతుండె,” అంది తిరుపతమ్మ. “గా పుండు దానంతట అదే పోతది బిడ్డా. గదే దాని మోసం. పైకి పోతది, పురుగు రక్తంలనే కూసుంటది. దాని పేరు సవాయి.”

ఆ నర్సు అప్పుడు చెప్పినదాన్ని ప్రతి పెళ్లిపత్రిక వెనుకా అచ్చు వేయించాలన్నది నా కోరిక. సవాయి, అంటే సిఫిలిస్, వేడివల్ల రాదు, తంబాకువల్ల రాదు, పాయఖానా బండవల్ల రాదు. ఆ సూక్ష్మక్రిమి ఉన్న మనిషితో శారీరకంగా కలిసినప్పుడు వస్తుంది. పుండు మానిన తర్వాత మనిషి ఆరోగ్యంగా కనిపిస్తాడు, తింటాడు, తిరుగుతాడు, నవ్వుతాడు. క్రిమి మాత్రం లోపల ఉంటుంది. తల్లి రక్తంనుంచి కడుపులోని బిడ్డకు పోతుంది. కొందరు బిడ్డలు లోపలే పోతారు, కొందరు పుట్టి పోతారు. మూత్రంలో మంట, చీము తెచ్చే శెగరోగం వేరే క్రిమిది. అది వచ్చే దారి మాత్రం ఇదే. వీటన్నిటినీ కలిపి మన భాష సుఖవ్యాధులు అంటుంది. ఆ పేరు పెట్టినవారు శ్యామలను అడిగి పెట్టి ఉండరు.

“నేను ఎవ్వల దగ్గరికీ పోలేదు సిస్టరమ్మా,” అంది శ్యామల. కొంగుతో కళ్లు తుడుచుకుంది.

“నువ్వు పోయినవని నేనన్ననా? నీ దగ్గరికొచ్చేటాయన ఎక్కడెక్కడికి పోయిండో గది అడుగు. ఏడ్వకు. దీనికి మందున్నది. సూది. మస్తు నొస్తది గని, పురుగు సస్తది. టయానికి వచ్చినవు, బిడ్డను కాపాడుకోవచ్చు.”

సూది నిజంగానే మస్తు నొప్పించింది. తుంటి పట్టుకొని కుంటుతున్న శ్యామల వెనుకనుంచి తిరుపతమ్మ మరో మాట చెప్పింది. “ఆయనకు గూడ ఏయాలె. పరీక్ష చేసి ఏస్తం. నీకు ఒక్కదానికే తగ్గించి ఏం ఫాయిదా? ఆయన మళ్ల అంటిస్తడు, కడుపుల ఉన్నదానికి మళ్ల మొదటికి వస్తది. ఆయన సూది అయ్యేదాక పక్కలకు రానియ్యకు. తెలిసిందా?”

తెలిసింది. ఇంటికి వచ్చి అత్తకు ఉన్నదున్నట్టు చెప్పింది. అంజవ్వ మొదట నమ్మలేదు. తర్వాత పూర్తిగా, అవసరమైన దానికంటే ఎక్కువగా నమ్మింది.

“రోగం ఎవ్వల రక్తంల దొరికింది?”

“నా రక్తంల.”

“మరి?”

ఆ ఒక్క ‘మరి?’లో ఒక న్యాయశాస్త్రం మొత్తం ఉంది. దొంగసొత్తు ఎవరి దగ్గర దొరికితే వాళ్లే దొంగ. దాన్ని తెచ్చి అక్కడ పెట్టినవాడి ఇల్లు సోదా చేయరు. ఎందుకంటే అతడు సోదాకు ఒప్పుకోడు. సాయంత్రానికి వాకిట్లోని చాటలన్నిటికీ ఈ తీర్పు తెలిసిపోయింది. రాధాబాయి ఒక్కతే, “భీవండి నుంచి చీరలే వస్తయనుకున్న గని,” అని ఆగిపోయింది. అంజవ్వ చూపు చూసి, బీడీ కట్టే దారం నోటికి అడ్డం పెట్టుకుంది.

దసరాకు రాజనర్సు వచ్చాడు. ఆకుపచ్చ చీర తెచ్చాడు, నవ్వు తెచ్చాడు. భోజనమయ్యాక శ్యామల అర్రలోకి పిలిచి విషయం చెప్పింది. అర్ర అంటే గది. ఆ ఇంటి గదుల గోడలు మాటలను ఆపేంత మందమైనవి కావు గనుక వాడంతా విన్నది.

“నువ్వు సూది ఏసుకోవాలె.”

“నేనెందుకు? నాకేమైంది? సూడు, గుర్రం లెక్క ఉన్న.”

“గుర్రం రక్తంల ఏమున్నదో గుర్రానికేం ఎరుక?”

అతడు నవ్వాడు. ఆమె నవ్వలేదు. అతడు గొంతు తగ్గించాడు. “అరే, గది ఎన్నడో మానింది గదనే. మీ అన్ననే సాక్ష్యం.”

“మా అన్న ఫిట్టరు. ఫ్యాక్టరీ పైపులు సూస్తడు. నీది సూసి సర్టిఫికెట్ ఇయ్యడానికి ఆయన డాక్టరా?”

గోడ అవతల ఎవరో కిసుక్కుమన్నారు. రాజనర్సు చెవులు ఎర్రబడ్డాయి.

“నువ్వొకటి సమజ్ చేసుకో. నేను దవాఖానకు పోతే, నేనే తెచ్చిన్నని ఒప్పుకున్నట్టు గాదా?”

“తెచ్చింది నువ్వే గదా?”

“తెచ్చుడు వేరే, ఒప్పుకునుడు వేరే.”

నేను చూసిన సీనియర్ న్యాయవాదుల్లో ఇంత క్లుప్తంగా ప్రతివాద పత్రం దాఖలు చేసినవారు లేరు. పాపం, అందులో నిజాయితీ కూడా ఉంది. భీవండిలో ఏ సందుకు వెళ్లాడో అతడు దాచలేదు. తోటి కార్మికులందరూ వెళ్లారు, జీతం రోజున అతడూ వెళ్లాడు. అతడి భయం సూదికి కాదు, దవాఖాన వరండాలో ఎవరి కంటనైనా పడటానికి. భార్య కడుపులోని బిడ్డ అతడికి కనిపించడం లేదు. వరండాలో కూర్చున్న తాను మాత్రం స్పష్టంగా కనిపిస్తున్నాడు.

ఆ రాత్రి శ్యామల అత్త పక్కన పడుకుంది. మర్నాడు కూడా. మూడోనాటికి అంజవ్వ కులపెద్ద మార్కండేయను పిలిపించింది.

మార్కండేయ పెద్దమనిషి తరహా మనిషి, నెమ్మదస్తుడు, ఎవరినీ నొప్పించడు. అందువల్ల ఆయన తీర్పులన్నీ నొప్పి లేనివిగా ఉంటాయి. బోధన్ నుంచి రాజారాంను కూడా రప్పించారు. వాకిట్లో మంచం మీద పెద్దాయన, గడపమీద రాజనర్సు, స్తంభానికి ఆనుకొని రాజారాం కూర్చున్నారు. ఆడవాళ్లు చాటలు ముందేసుకొని, ఏమీ విననట్టు పని చేసుకుంటున్నారు.

మార్కండేయ గొంతు సవరించుకున్నాడు. “రోగం పేరు ఎవ్వలూ ఎత్తొద్దు. ఎవ్వలు తెచ్చిండ్రు, ఎవ్వలు అంటించిండ్రు, గా ముచ్చట్లు ఇంటికి మంచివి గావు. పిల్ల కాన్పుకు పుట్టింటికి ఎట్లన్న పోవాలె గదా? జర ముందుగాల్నే పోతది. పిలగాడు దీపావళి చేసుకొని భీవండికి పోతడు. బిడ్డ పుట్టినంక సూద్దాం. నిలవకపోతే,” అని ఆయన వేల్పూర్ ఉన్న దిక్కుకు చూసి ఊరుకున్నాడు.

అందరికీ ప్రాణం లేచొచ్చింది. రాజనర్సు తప్పు ఒప్పుకోనక్కరలేదు. అంజవ్వ కొడుకును అననక్కరలేదు. రాజారాంకు కూడా తన రసం సంగతి ఎవరూ ఎత్తనందుకు ఊరటగానే ఉంది. చెల్లెలి సంచీ తానే తీసుకొచ్చి వాకిట్లో పెట్టాడు. “నడువు చెల్లె, బస్సు దొరుకుతది.”

శ్యామలకు కూడా ఇది సులభమైన దారే. పుట్టిల్లు, వదినె చేతి వంట, మాట పడనక్కరలేని రోజులు. సంచీ చేతిలోకి తీసుకుంది. రెండడుగులు వేసి మార్కండేయ మంచం ముందు ఆగింది.

“పెద్దబాపూ, ఒక్క ముచ్చట అడగాలె.”

“అడుగు బిడ్డా.”

“కాన్పైనంక నేను మళ్ల ఇంటికే వస్త గదా?”

“రాకపోతే ఎటు పోతవు?”

“ఈయన గూడ ఇంటికే వస్తడు గదా?”

“వస్తడు.”

“ఈయనతోని ఈయన రక్తం గూడ వస్తది గదా?”

మార్కండేయ పంచె కొంగు సర్దుకున్నాడు. ఆకు కత్తిరించే చేతులు ఆగాయి.

“నేను సచ్చో, బతికో, ఎటన్న పోయిన్ననుకో. వేల్పూర్ పిల్లను తెస్తరు. ఆమె కడుపు పోతే, గప్పుడు గూడ తంబాకు వేడేనా?”

“ఏ, ఊకో!” అన్నాడు రాజారాం, చెవులదాకా ఎర్రబడి. “ఇంటి ఇజ్జత్ పోతది.”

“పోతే పోనీ అన్నా. ఇద్దరు పిల్లలు పోయినప్పుడు పోలేదా ఇజ్జత్?”

అంజవ్వ మొదటిసారి కొడుకు వైపు చూసింది. చాలాసేపు చూసింది. “ఏందిరా నర్సూ, గా పుండు...” అని మొదలుపెట్టి, మాట మింగింది. కోడలు చెప్పినప్పుడు నమ్మని విషయం, కొడుకు తల దించుకోవడం చూసి నమ్మినట్టుంది.

చట్టం చదివినవారికి ఈ ఘట్టంలో చేతులు దురద పెడతాయి. అంటుకొనే సుఖవ్యాధి భర్తకు ఉంటే విడాకులు అడగవచ్చునని హిందూ వివాహ చట్టంలో రాసి ఉంది. భార్య కాపురానికి రావడం లేదని భర్త కోర్టుకు వెళ్లవచ్చునని కూడా అదే చట్టంలో ఉంది. ‘ముందు సూది వేయించుకో, తర్వాత గదిలోకి రా’ అని చెప్పే సెక్షన్ మాత్రం అందులో ఎంత వెతికినా దొరకదు. శ్యామల ఏ సెక్షనూ చదవలేదు. విడాకులు అడగలేదు. భరణం అడగలేదు. సూది అడిగింది.

రాజనర్సు చివరి ప్రయత్నంగా నవ్వాడు. “సరే, భీవండి పోయినంక ఏసుకుంట. గక్కడ డాక్టర్లు మస్తుగున్నరు.”

“గక్కడ ఏసుకున్నవో లేదో నాకెట్ల ఎరుక? మళ్ల నీ మాటనే సాక్ష్యమా?”

“నన్ను నమ్మవా?”

“నిన్ను నమ్ముత. నీ రక్తాన్నే నమ్మ.”

రాధాబాయి నోట్లోంచి దారం జారిపోయింది.

శ్యామల సంచీ తిరిగి అన్న చేతికిచ్చి, ఒక్కడివే పొమ్మన్నట్టు కాకుండా, అన్నం తిని పొమ్మని చెప్పింది. తర్వాత వాకిట్లో ఉన్నవాళ్లందరికీ వినబడేటట్టు, తొందరేమీ లేకుండా, తన నిర్ణయం చెప్పింది.

“నేను బోధన్ పోను. ఈ ఇంట్లనే ఉంట, సర్కారు దవాఖానల కంట. తిరుపతమ్మ సిస్టర్ ముందట ఈయన సూది ఏసుకున్ననాడు అర్రలకు రానీ. గప్పటిదాక వాకిట్ల పండాలె. వాకిలి ఇష్టం లేకుంటే భీవండికి పోవాలె. ఎవ్వలన్న వేల్పూర్ బస్సెక్కితే నేను గూడ ఎంబడే ఎక్కుత. గా పిల్ల అవ్వ దగ్గర కూసొని రోగం పేరు చెప్పి వస్త.”